చుక్క కంటే ముందు

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ ఆనందాన్ని ఎక్కడో ఒకచోట దించుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. మా ఆవిడకు ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను. అయిదోసారి మొదలుపెట్టగానే, కుట్టుమిషను తొక్కడం ఆపకుండానే, "ఆ గోడకి చెప్పండి, దానికి వేరే పనేం లేదు" అంది. గోడకు చెప్పే బదులు పుస్తకంలో రాసుకుంటే నయమని అమ్మాయి పక్కన పడేసిన నోటుపుస్తకం ఒకటి తీశాను. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపాను. ట్రిప్పు షీటు తప్ప మరో రాత ఎరగను. తప్పులుంటే ఉండనీ. చదివేది నేనే.

సంగతేమిటంటే, భోజనాల దగ్గర మా చిట్టి తలెత్తి, "నాన్నా, నీ కళ్ళు కావాలి" అంది.

"తీసుకో తల్లీ. రెండూ తీసుకో."

"ఊడబెరికి కాదు. తలలో ఉండగానే కావాలి."

చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకుతుంది కదా, ఆ దూకుడు కొలవడం మా చిట్టి ఉద్యోగం. పెద్ద పెద్ద చదువులు చదివి అదా చేసేది అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోను. అరవై దాటిన పన్నెండు మందిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరిని కనీసం వారం ఎడంతో రెండుసార్లు కొలవాలట. మార్చి పదో తారీఖుకల్లా పన్నెండు మందీ పూర్తయితే దాని కాంట్రాక్టు రెండేళ్ళు పొడిగిస్తారు. లేకపోతే సామాను సర్దుకోవడమే. పన్నెండో మనిషికి కంట్లో శుక్లం ఆపరేషను పడి తప్పుకున్నాడు. ఆ ఖాళీలోకి నేను!

"అక్కడ నువ్వు నాన్నవి కాదు, పన్నెండో నంబరువి. మా పెద్ద మేడం ఆ షరతు మీదే ఒప్పుకున్నారు" అంది.

"నంబర్లు నాకు అలవాటేలే. రూటు నంబరు, బండి నంబరు, బ్యాడ్జి నంబరు" అన్నాను. అసలు లోపల ఏం జరుగుతుందో చెప్పమన్నాను.

"ఇప్పుడు నువ్వు కంచం మీంచి అమ్మ వైపు చూశావు చూడు. దానికి పట్టింది సెకనులో ఇరవయ్యో వంతు. ఆ కాస్తలోనే మెదడులో వందల కణాలు కలిసి కంటి కండరాలకి ఆర్డరు పంపాయి. ఆ కణాలు ఎలాంటివంటే, అదే పని మళ్ళీ చెయ్యమంటే మళ్ళీ అలాగే చెయ్యవు. ఒకసారి పదిసార్లు టిక్కుమన్నది ఇంకోసారి పదిహేడుసార్లు అంటుంది. ఒక్కటీ మాట మీద నిలబడదు."

"అంటే లోపలంతా గోలేనన్నమాట."

"గోలే. అంత గోలలోనూ చూపు వెళ్ళి దిగాల్సిన చోటే దిగుతోంది. ఎలా?"

నాకు నవ్వొచ్చింది. "బస్టాపులో బండి ఆపడం లాంటిదే. ఒకరోజు బ్రేకు మెత్తగా ఉంటుంది, ఒకరోజు రోడ్డు తడి, ఒకరోజు బండి నిండా జనం. రెండు రోజులు ఒకేలా తొక్కిన పాపాన పోలేదు నేను. తలుపు మాత్రం స్తంభం ఎదురుగానే ఆగేది. రోజూ ఒకేలా తొక్కితే ఏ రోజూ అక్కడ ఆగదు."

చిట్టి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మళ్ళీ చెప్పు నాన్నా."

మళ్ళీ చెప్పాను. ఇంకోసారి అడిగినా చెప్పేవాణ్ణే.

"ఊపెక్కువైన రోజు నువ్వు చూసి, ముందుగా తొక్కావు. కంటికి ఆ టైము లేదు నాన్నా. దారిలో చూసి దిద్దుకునేలోపు ప్రయాణమే అయిపోతుంది. అయినా ఊపుగా బయలుదేరిన చూపుకి ముందే బ్రేకు పడుతోంది, నీరసంగా బయలుదేరినదానికి ఆలస్యంగా. మెదడు తాను పంపిన ఆర్డరు కాపీ ఒకటి తన దగ్గరే పెట్టుకుని, దాన్ని చూసుకుంటూ సర్దుతోందేమోనని మా అనుమానం. పెద్దవాళ్ళలో లోపలి గోల ఇంకా ఎక్కువ. మరి ఆ సర్దుబాటు వాళ్ళలోనూ నిలుస్తుందా అన్నది ఇప్పుడు తేలాలి."

"నిలుస్తుంది."

"చెప్పాల్సింది నువ్వు కాదు, నీ కళ్ళు."

మా ఆవిడ, "ఆ కళ్ళకి ఎదురుగా ఉన్న ఉప్పుడబ్బా కనపడదు" అంది. అననీ. ఇవాళ ఎవరేమన్నా నాకు తీపే.

ఫిబ్రవరి 10, సోమవారం

వెళ్ళొచ్చాను. మా వీధి చివర పార్కు దాటితే వాళ్ళ భవనం. మూడో అంతస్తు. కిటికీ లేని చిన్న గది, గోడలకు నల్లరంగు. ఒక బల్ల మీద గడ్డం ఆనించుకోవడానికి మెత్తటి గిన్నెలాంటిది, నుదుటికి ఒక పట్టీ. బల్ల అంచున ఒక కెమెరా కన్నునే చూస్తూ ఉంటుంది. ఎదురుగా తెర. తెర మధ్యలో ఎర్రచుక్క. అది కాసేపుండి కుడికో ఎడమకో దూకుతుంది, దాంతోపాటు నేనూ చూపు దూకించాలి, మళ్ళీ మధ్యకు రావాలి. అంతే పని. నలభై దూకుళ్ళు ఒక విడత. అలాంటివి అయిదు విడతలు.

తెల్లకోటు వేసుకుని మా చిట్టి నా నుదుటికి పట్టీ బిగించింది. చిన్నప్పుడు దాని బూటు లేసులు నేను కట్టేవాణ్ణి. "బిగుతుగా ఉందా అండీ?" అంది. అండీ! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పన్నెండో నంబరుగారూ, కళ్ళు తుడుచుకోండి, కెమెరాకి కనపడటం లేదు" అంది.

అయ్యాక, "ఎన్ని మార్కులు?" అని అడిగాను.

"మార్కులుండవు నాన్నా. ఊరికే చూస్తే చాలు."

పరీక్ష పెట్టేవాళ్ళందరూ అదే అంటారు. నా మట్టుకు నాకు తెలుసు, చాలాసార్లు చూపు తూలింది. చుక్క అటు వెళ్ళాక గానీ నేను బయలుదేరలేదు. మిగతా పదకొండు మంది ఎంత చురుగ్గా చేశారో ఏమో. సొంత తండ్రే అందరికంటే వెనకబడితే దాని పరువేం కావాలి?

కానీ ఒకటి పట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. మూడో విడతలో అనుమానం వచ్చింది, నాలుగో విడతలో ఖాయమైంది. అయిదు విడతల్లోనూ చుక్క దూకే వరస ఒక్కటే! ఎంతసేపు ఆగి దూకుతుందో అది కూడా ఒక్కటే. నలభై ఆరు స్టాపుల రూటు కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాడికి నలభై దూకుళ్ళు ఒక లెక్కా?

మా డిపోలో ఏటా కళ్ళ పరీక్ష ఉండేది. బోర్డు మీది అక్షరాలు ముందే బట్టీ పట్టి వెళ్ళేవాళ్ళం. అందరూ చేసేదే.

ఫిబ్రవరి 11, మంగళవారం

కుడి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఎడమ, ఎడమ, కుడి, ఎడమ, కుడి, కుడి. పన్నెండోది దగ్గర తికమక. పడుకుని తలచుకుంటే దొరికింది. ఎడమ, ఎక్కువసేపు ఆగి.

పాత రూటుకు జత చేసుకుంటే పని సులువైంది. కుడి అంటే పోస్టాఫీసు, మళ్ళీ కుడి అంటే గోడౌను, ఎడమ అంటే ఆడపిల్లల బడి. ఆగడం తక్కువైతే దిగేవాళ్ళు లేరని, ఎక్కువైతే ముసలమ్మ దిగుతోందని.

ఫిబ్రవరి 13, గురువారం

గోడకు మూడు గుండీలు అంటించాను. మధ్యలో ఒకటి, అటొకటి ఇటొకటి. గడ్డం కింద రెండు దిండ్లు పెట్టుకుని సాధన.

మా ఆవిడ చూసి, "చొక్కాకి ఊడితే ఏనాడూ కుట్టలేదు గానీ గోడకి కుడుతున్నారా?" అంది. విషయం చెప్పక తప్పలేదు. చెప్పాక ఆమె కత్తెరతో మిషను బల్ల మీద కొడుతూ వరస అందించింది. టక్ అంటే కుడి, టక్ టక్ అంటే ఎడమ. ఆరోదానికే ఇద్దరికీ నవ్వాగలేదు. పెళ్ళైన కొత్తల్లో కూడా ఇంత సరదాగా లేము.

"పిల్లకి చెప్పారా?" అంది కత్తెర పక్కన పెట్టి.

"చెబితే ఇంక గొప్పేముంది?"

"ఏమో. నాకెందుకో తేడాగా ఉంది."

మా ఆవిడకు అన్నీ తేడాగానే ఉంటాయి.

ఫిబ్రవరి 15, శనివారం

నలభైకి ముప్ఫై ఆరు.

ఫిబ్రవరి 17, సోమవారం

నలభైకి నలభై. వరసగా మూడుసార్లు. కళ్ళు మండుతున్నాయి, తడిగుడ్డ వేసుకున్నాను. వీధిలో మంగలి దగ్గరికి వెళ్ళి, మా అమ్మాయి రాసే పుస్తకంలో నా కళ్ళు ఎక్కుతాయని చెప్పాను. కాఫీ కొట్టాయనకు కూడా. రేపే రెండోసారి.

ఫిబ్రవరి 18, మంగళవారం

అద్భుతం. మరో మాట లేదు. చుక్క కదలడం ఆలస్యం, నేను అక్కడే ఉన్నాను. కొన్నిసార్లు నేనే ముందు వెళ్ళి, దాని కోసం ఎదురుచూశాను. చిట్టి తన కంప్యూటరు వైపు ముందుకు వంగి వంగి చూడటం ఓరకంట కనిపించింది. ఆశ్చర్యపోయి ఉంటుంది.

ఫిబ్రవరి 19, బుధవారం

ఆశ్చర్యపోయిన మాట నిజమే.

సాయంత్రం నా పక్కన కూర్చుంది. "నాన్నా, ఒకటి అడుగుతా, ఆలోచించి చెప్పు. నిన్న నువ్వు చుక్కని చూసి కదిపావా, ముందే ఊహించి కదిపావా?"

"అదేం ప్రశ్న?"

"చుక్క కనపడ్డాక చూపు బయలుదేరడానికి ఎవరికైనా సెకనులో అయిదో వంతు, తక్కువలో తక్కువ ఎనిమిదో వంతు పడుతుంది. నీ చూపు చుక్క కంటే ముందే బయలుదేరింది. ఒకటి రెండుసార్లు కాదు, దాదాపు ప్రతిసారీ."

అదెంత చక్కగా అడిగింది. చేతిలో పెన్ను తిప్పుతూ, కోపం లేకుండా. అప్పుడే చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. మిషను దగ్గర మా ఆవిడ చెయ్యి ఆగింది.

"చూసే కదిపాను" అన్నాను.

"సరే నాన్నా" అని లేచింది. నమ్మింది.

అబద్ధం అని కూడా అనలేం. గుండీలను రోజూ చూసే కదిపాను కదా.

ఫిబ్రవరి 20, గురువారం

చిట్టి భోజనం వద్దంది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

వరండాలో ఫోను మాట్లాడుతుంటే వినపడింది. వాళ్ళ మేడంతో.

"లేదు మేడం, ఆయన ఊహించి కదపలేదు. అడిగాను. మా నాన్న నాతో అబద్ధం చెప్పరు. అంటే తెర గడియారానికీ కెమెరా గడియారానికీ పొంతన తప్పి ఉండాలి. అదే నిజమైతే ఆయన ఒక్కరివే కాదు, ఇప్పటిదాకా కొలిచినవన్నీ అనుమానమే. అవును మేడం. తెలుసు మేడం. పదో తారీఖు తెలుసు."

లోపలికొచ్చి నాకు మామూలు గొంతుతో చెప్పింది. బుధవారం కంపెనీ ఇంజనీరు వస్తాడు, యంత్రాన్ని విప్పి తీసుకెళ్తాడు, తిరిగి రావడానికి నెల పడుతుంది.

"నెలా?" అన్నాను.

"నెల."

తలుపు దగ్గరగా వేసుకుంది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. జలుబు చేసిందేమో. ఈ మధ్య గాలి బాగాలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

పొద్దున చెబుదామనుకున్నాను, తల నొప్పిగా ఉందంది. మధ్యాహ్నం చెబుదామనుకున్నాను, పడుకుంది. సాయంత్రం కాగితాల మధ్య కూర్చుంది, కదిలించడం భావ్యం కాదనిపించింది. గోడ మీది గుండీలు పీకేశాను. మధ్య గుండీతోపాటు సున్నం ఊడి రూపాయంత గుంట పడింది.

మా ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఫిబ్రవరి 23, ఆదివారం

డిపో ఎదురుగా టీకొట్టు బెంచీ మీద మా కండక్టరుంటాడు, ఆదివారాలు. పదిహేడేళ్ళు ఒకే బండి మీద పనిచేశాం. నోరు మూసుకుని ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు వాణ్ణి. వాడికి మొత్తం చెప్పాను. ఊరట కోసమే చెప్పాను.

"దాందేముందిరా, మన కళ్ళ పరీక్షకి అందరం చేసిందే కదా అనుకున్నాను" అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు. "అందరమా? ఎవర్రా అందరం?"

"మన డిపోలో."

"మన డిపోలో ఎవడూ చెయ్యలేదు. నువ్వు చేశావు. చివరి రెండేళ్ళు. తలుపు సందులోంచి బోర్డు చదివి చీటీ రాసిచ్చింది నేను. కళ్ళద్దాలు పడితే బండి తీసేసుకుని టైము ఆఫీసులో కూర్చోబెడతారని ఏడ్చినంత పని చేశావు. అంతమంది మీదికి నెట్టేస్తావేంటి, ఇద్దరం చేసినదాన్ని?"

నేను రోడ్డు అవతల డిపో గేటు వైపు చూశాను.

"ఆ రెండేళ్ళూ నేను వెనక మెట్టు మీద నిలబడి ముందుకే చూసేవాణ్ణి, తెలుసా నీకు? టికెట్లు కొడుతూ కూడా. నీకు కనపడనిది నాకు కనపడితే బెల్లు కొడదామని."

ఆరేళ్ళైంది నేను దిగిపోయి. ఈ మాట వాడు ఇవాళే చెప్పాడు. బండిలో అరవై మంది ఉండేవారు. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి నేను దాన్ని ఒక జోకుగా చెప్పుకుంటూ వచ్చాను.

అందరూ చేసేదే అని ఈ పుస్తకంలో కూడా రాశాను. వెనక్కి తిప్పి చూశాను. ఉంది. కొట్టెయ్యను, ఉండనీ.

"పిల్లకి చెప్పు. ఇవాళే చెప్పు. లేకపోతే నేనే వచ్చి చెప్తా, నా నోరు సంగతి నీకు తెలుసుగా" అన్నాడు కండక్టరు.

ఇవాళ చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి 24, సోమవారం

చెప్పేశాను.

పొద్దున అది చెప్పులు వేసుకుంటుంటే వాకిట్లోనే చెప్పాను. కూర్చుని నెమ్మదిగా చెప్పాలంటే మళ్ళీ రేపవుతుందని తెలుసు. వరస పట్టేశాననీ, బట్టీ పట్టాననీ, గుండీలు, కత్తెర, అన్నీ. అడిగినప్పుడు అబద్ధమాడానని. అద్దాల సంగతి కూడా. అది అడగలేదు, నేనే చెప్పాను. ఒకటి తీస్తే దాని వెంట రెండోది వచ్చింది.

చిట్టి ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడింది. ముందు ఫోను తీసింది.

"మేడం, ఇంజనీరుని ఆపండి. గడియారాలు బాగానే ఉన్నాయి. మా నాన్నే బాగాలేరు." అవతల ఏమన్నారో. "లేదు మేడం, ఒంట్లో కులాసాగానే ఉన్నారు. బట్టీ పట్టారు. అవును. నలభైకి నలభై. ఆగే టైముతో సహా."

ఫోను పెట్టేసి, నా వైపు చూసింది. "నాకు కావాల్సింది నీ తప్పులే నాన్నా. నువ్వెంత తూలావు, తూలి ఎలా సర్దుకున్నావు, అదే కదా నేను కొలిచేది. వారం రోజులు కూర్చుని దాన్నే తుడిచేశావు."

"నీకు మాట రాకూడదని..."

"మూడు రోజులు నేను యంత్రాన్ని తిట్టాను. అంతకంటే, అద్దాలు పెట్టుకుని ఉంటే సరిపోయేది కదా నాన్నా? ఆ బస్సులోనే కదా నేను కాలేజీకి వెళ్ళింది?"

వెళ్ళిపోయింది. రెండో చెప్పు వేసుకుందో లేదో చూడలేదు నేను.

నిజమే. ఎడమవైపు రెండో సీటు.

ఫిబ్రవరి 25, మంగళవారం

మాటల్లేవు. అయినా గుండె తేలిగ్గా ఉంది. ఇలా రాయొచ్చో లేదో తెలియదు. ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 26, బుధవారం

మాట్లాడింది! నా తల్లి మాట్లాడింది!

ఒక కాగితం పట్టుకొచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుంది. "చెప్పు. మొదటి నుంచి."

"ఏం చెప్పను?"

"వరస."

కళ్ళు మూసుకుని చెప్పాను. పోస్టాఫీసు, గోడౌను, ఆడపిల్లల బడి. అది కాగితం మీద ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ పోయింది. ముప్ఫై ఒకటో దగ్గర పెన్ను ఆగింది. "తప్పు. అది కుడి."

"కాదమ్మా, ఎడమే. ఆసుపత్రి స్టాపు."

కాగితం తిప్పి చూసుకుంది. "ఎడమే. నేనే వరస తప్పి చదివాను" అంది. ఇంక ఆపుకోలేక నవ్వింది. మిషను వెనక మా ఆవిడ కూడా. ముగ్గురం పొట్టలు పట్టుకున్నాం. నవ్వుతుండగానే దాని కళ్ళలో నీళ్ళు, అవి నవ్వువో కావో నేను అడగలేదు.

నవ్వు తగ్గాక, "అందరికీ ఒకే వరస పెట్టడం నా తప్పు. ఎవరు బట్టీ పడతారులే అనుకున్నాను. మిగతావాళ్ళలో ఎవరూ పట్టలేదు, రాత్రంతా చూశాను, అందరూ చుక్క తర్వాతే బయలుదేరారు. రేపట్నుంచి ఎప్పటికప్పుడు వరస మారిపోతుంది, నాకు కూడా తెలియకుండా" అంది.

"మరి నావి?"

"నీవి పోయినట్టే నాన్నా. వరస మార్చినా, నీ కళ్ళు వారం రోజులు సాధన చేసేశాయి. మొదటిసారివి మంచివే గానీ ఒక్కసారివి పనికిరావు."

ఎంత మర్యాదగా చెప్పింది. నేను తలూపాను.

"పన్నెండో మనిషి లేడు. ఈ శుక్రవారం మొదటిసారి, వచ్చే శుక్రవారం రెండోసారి కూర్చుంటే పదో తారీఖుకి అందుకోవచ్చు. ఒక్కరోజు జారినా అయిపోయినట్టే. మనిషిని పాడుచేసింది నువ్వు, మనిషిని తెచ్చేది కూడా నువ్వే."

అరవై దాటాలి, కళ్ళకు జబ్బుండకూడదు, గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. మొదటి రెండూ ఉన్నవాడు నాకు తెలుసు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

కండక్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మెట్లెక్కుతూనే మొదలుపెట్టాడు.

"ఒరేయ్, లోపల ఏం చూపిస్తార్రా?"

"చెప్పను."

"సూదులేమైనా గుచ్చుతారా?"

"గుచ్చరు. అంతకు మించి చెప్పను."

"నీకు చీటీ రాసిచ్చినవాణ్ణి రా నేను! ఒక్క ముక్క చెప్పలేవా?"

"నీ కాళ్ళు పట్టుకుంటాను, అడక్కు" అన్నాను. నిజంగానే వంగబోయాను. వాడు నోరెళ్ళబెట్టాడు.

చిట్టి వచ్చి, "బాబాయ్, లోపల మాట్లాడకూడదు" అంది.

"ఒక్క ముక్క కూడానా?"

"మాట్లాడితే గడ్డం కదులుతుంది, గడ్డం కదిలితే కన్ను కదులుతుంది."

"నా పెళ్ళిలో కూడా ఇంత కట్టడి లేదమ్మా" అంటూ లోపలికి వెళ్ళాడు.

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. గంటన్నర. లోపలి నుంచి ఒక్క చప్పుడు లేదు. నాకు భయమేసింది. ఒకవేళ వాడు కూడా వరస వెతుకుతున్నాడేమో, నా కంటే తెలివైనవాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఇప్పుడు వరసే లేదు కదా.

బయటికొచ్చాక వాడు చాలాసేపు మాట్లాడలేదు. పార్కు దాటాక, "ఎటు దూకుతుందో తెలియడం లేదురా. తమాషాగా ఉంది" అన్నాడు.

మార్చి 3, సోమవారం

వాడికి తుమ్ములు. మార్కెట్లో కలిశాం. ఈ శుక్రవారానికి జ్వరంగా మారితే? ఇంటికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, వేడినీళ్ళు తాగించి వచ్చాను. వాడి కోడలు నన్ను వింతగా చూసింది.

మార్చి 5, బుధవారం

తుమ్ములు తగ్గాయి. రెండుపూటలా వెళ్ళి చూసొస్తున్నాను. "నా మీద ఇంత ప్రేమ రూటులో ఉన్నప్పుడు ఏమైందిరా?" అన్నాడు.

మార్చి 7, శుక్రవారం

రెండోసారి కూడా పూర్తయింది. పూర్తయింది, పూర్తయింది, పూర్తయింది.

తర్వాత చిట్టి నన్ను లోపలికి పిలిచింది. కంప్యూటరు మీద గీతలు. ఒక్కో దూకుడుకు ఒక్కో గీత, గుట్టగుట్టలుగా. బయలుదేరేచోట కుచ్చులా విడిపోయి ఉన్నాయి. ఒకటి నిటారుగా, ఒకటి బద్ధకంగా, ఒకటి మధ్యలో ఊపందుకుని. చివరకు వచ్చేసరికి అన్నీ దగ్గరపడి ఒక సన్నటి చోట దిగుతున్నాయి. మరీ ఒకే చుక్క మీద కాదు, అటూ ఇటూ. బస్సు తలుపు కూడా స్తంభానికి ఒక అడుగు అటూ ఇటూ ఆగేది మరి.

"ఎవరివి?"

"ఎవరివో చెప్పకూడదు. పన్నెండో నంబరువి." నవ్వుతోంది. "నోటికీ కంటికీ సంబంధం లేదని తేలింది నాన్నా."

"ఇన్ని రకాలుగా బయలుదేరాడా!"

"అందరూ అంతే. ఊపుగా బయలుదేరినవి చూడు, ఇక్కడ ముందే నెమ్మదించాయి. ఈ బద్ధకపువి చివరిదాకా లాగాయి. పెద్దవాళ్ళలో బయలుదేరేచోట చెదరడం ఎక్కువుంది, ఇదివరకు కొలిచిన కుర్రవాళ్ళకంటే. కానీ సర్దుబాటు కూడా ఆ మేరకు ఎక్కువుంది. పన్నెండు మందిలోనే చూశాం, ఇంకా చాలామందిని చూస్తే గానీ గట్టిగా అనలేం."

"నిలుస్తుందని నేను ముందే అన్నాను."

"నువ్వు అన్నీ ముందే అంటావు. అదే కదా గొడవ."

ఆ మాట పడినందుకు ఇంత సంతోషించినవాడు ఇంకెవడైనా ఉంటాడా!

మార్చి 10, సోమవారం

పొద్దున్నే మేడంగారికి కాగితాలన్నీ ఇచ్చేసింది. ఇంతకంటే రాయడానికి చెయ్యి ఆడటం లేదు. మా ఆవిడ మిషను మీద ఒకే కుట్టు మూడుసార్లు విప్పింది.

మార్చి 12, బుధవారం

పొడిగించారు. రెండేళ్ళు.

చిట్టి ఫోను చేసినప్పుడు నేను కుళాయి దగ్గరున్నాను. బకెట్టు పొర్లిపోయింది. పొర్లనిచ్చాను. మా ఆవిడ మిషను వదిలి లేచొచ్చింది, పగటిపూట ఆమె మిషను వదలడం నేను చూసి ఎన్నేళ్ళయిందో. కండక్టరుకు ఫోను చేస్తే, "నా కళ్ళ చలవే కదా" అన్నాడు. కాదనలేదు. మంగలికీ కాఫీ కొట్టాయనకూ వెళ్ళి చెప్పాను. నా కళ్ళు పుస్తకంలోకి ఎక్కలేదని కూడా చెప్పాను. "అయ్యో, ఏం?" అన్నారు. ఎందుకో మొత్తం చెప్పాను. మంగలి కత్తి పక్కన పెట్టి మరీ విన్నాడు.

సాయంత్రం చిట్టి వచ్చి నా పక్కన కూర్చుంది.

"కోపం పోయిందా?" అని అడిగాను.

"పన్నెండో నంబరు మీద పోయింది. డ్రైవరు మీద ఇంకా కొంచెం ఉంది."

"ఉండనీ. ఉండాలి."

"అద్దాలు చేయించుకున్నావా?"

"శనివారం వెళ్తున్నాను. అమ్మ కూడా వస్తోంది, పక్కన నిలబడటానికి."

తలూపింది. తర్వాత బ్యాగులోంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టింది. వచ్చే నెల నుంచి కొత్త పని మొదలట. ఇప్పటి యంత్రం కాదు, వేరేది. అరవై దాటినవాళ్ళు ముప్ఫై మంది కావాలట. ఫారం పైన నంబరు వేసే చోట 1 అని రాసి ఉంది.

నేను దాని మొహం చూశాను. ఆట పట్టించడం లేదు.

"నన్నా?"

"నిన్నే. ఎవరో ఒకరితో మొదలుపెట్టాలి కదా. అందులో ఏం చేయిస్తామంటే నాన్నా..."

చెయ్యి అడ్డుపెట్టాను. "చెప్పకు."

"కొంచెం చెప్పాలి నాన్నా, రూలు. నొప్పి ఉండదు అనైనా..."

"నొప్పి ఉన్నా ఫరవాలేదు. చెప్పకు తల్లీ."

సంతకం పెట్టాను. అక్షరాలు తూలి, నా సంతకంలా లేదు. చిట్టి చూసి, బాగానే ఉంది అంది.